పుల్లేటిలంకలో ఆగిన ఆమెన్

లారీ హారన్ కొడుతూనే ఉంది. రోడ్డు మధ్యలో నిలబడ్డ మనిషి దాని వంక చూస్తూనే ఉన్నాడు.

పారిపోలేదు. కళ్లు మూసుకోలేదు. చేతిలో అరటిపండు తింటూ అలాగే నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి. అంతే.

జొన్నాడ దగ్గర హైవే పక్కన టీ కొట్టు నడిపే వీరాయమ్మ పోలీసులతో ఇలా చెప్పింది: "చూసేడండీ, లారీని బాగానే చూసేడండీ. 'పక్కకి రా నాయనా' అని నేను గావుకేక పెట్టేనండీ. నా వంక తిరిగి, 'ఎందుకండీ?' అని నెమ్మదిగా అడిగేడండీ. తాగినోడు కాదండీ. మర్యాదగానే అడిగేడు."

పోయినవాడు కనకరాజు. అమలాపురంలో బోదకాలు మాత్రల పెట్టెలు నిలవచేసే గోడౌన్‌లో స్టోర్ కీపర్. చొక్కా జేబులో కాగితం పొట్లం దొరికింది. పొట్లంలో ఒక్క తెల్ల మాత్ర.

ఆ మాత్ర చేతులు మారుతూ హైదరాబాదులో ఒక ఆఫీసుకి చేరింది. ఆ ఆఫీసు పేరు చెప్పకూడదు కనక చెప్పడం లేదు. కింద కుట్టుమిషన్ల షోరూం ఉంటుంది, అంతవరకు చెప్పొచ్చు.

చీఫ్ మాత్రని గాజు సీసాలో వేసి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా ఏజెంట్ జోజి కూర్చున్నాడు. వయసు ముప్పయ్యేడు. చూడ్డానికి బ్యాంకు గుమాస్తాలా ఉంటాడు. ఆ పోలిక వల్లే నాలుగు దేశాల్లో ప్రాణాలతో బయటపడ్డాడు.

"టీ తాగుతావా, కాఫీ తాగుతావా?"

"ఏదైనా ఒకటే సార్."

చీఫ్ నిట్టూర్చాడు. ఈ మనిషికి రెండేళ్ల నుంచి ఏదైనా ఒకటే. 1977లో ఒక విదేశీ రేవులో శత్రువుల చేతికి చిక్కాడు. వాళ్లు కొట్టలేదు, గోళ్లు పీకలేదు. ఒక మాత్ర మింగించి వదిలేశారు. అప్పట్నుంచి జోజికి భయం లేదు. కోపం లేదు. సంతోషమూ లేదు. సినిమాకి వెళితే తెర కనిపిస్తుంది, కథ తెలుస్తుంది, ఏమీ అనిపించదు. కిందటేడు వాళ్లమ్మ పోయింది. సమాధి దగ్గర జనమంతా ఏడుస్తుంటే ఈయన వాచీకి కీ ఇచ్చుకున్నాడు. వాళ్లక్క కృపమ్మ అప్పట్నుంచి ఉత్తరం ముక్క రాయలేదు. ఎందుకు రాస్తుంది చెప్పండి!

"ఇది అదే మాత్ర జోజీ," అన్నాడు చీఫ్. "వాళ్లు దానికి పెట్టుకున్న పేరు జీరో. భయం తెలియని సైన్యాన్ని తయారుచెయ్యడానికి కనిపెట్టారు. ఎలుకల మీద చూశారు. నీ మీద చూశారు. ఇప్పుడు మొత్తం ఒక ఊరి మీద చూడాలనుకుంటున్నారు. చుట్టూ నీళ్లున్న ఊరైతే ఎవరూ రారు, ఎవరూ పోరు, ప్రయోగం శుభ్రంగా జరుగుతుంది. బోదకాలు మాత్రల పెట్టెల్లో దీన్ని నింపి పంపుతున్నారు. కనకరాజుకి అనుమానం వచ్చింది. ఎవరితోనైనా చెప్పేలోగా టీలో కలిపి తాగించారు."

"పెట్టెలు ఆపెయ్యొచ్చు కదా సార్."

"ఆపితే ఇంకో ఊరు చూసుకుంటారు. పెట్టెలు స్వయంగా తెచ్చేవాడు నాకు కావాలి. మాత్రలతో సహా, పంచుతూ ఉండగా. ఆదివారం పంచుతారు. ఊరు పుల్లేటిలంక."

"మా అక్క ఊరు సార్."

"తెలుసు. నిన్ను పంపడానికి అదో కారణం. రెండోది, ఈ మాత్రని నాలిక మీద పెట్టి పోల్చగలిగినవాడివి ఈ దేశంలో నువ్వొక్కడివే." చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అక్కకి ఏమవుతుందోనని గుండె దడగా లేదూ?"

జోజి లోపల వెతుక్కున్నాడు. "లేదు సార్. కానీ ఆవిడ నాలా కాకూడదని తెలుసు."

"అది చాలు." చీఫ్ ఒక ట్రాన్సిస్టర్ బల్ల మీదకి తోశాడు. మామూలు రేడియోలాగే పాటలు పాడుతుంది. వెనక మీట నొక్కితే రాజోలులో సిద్ధంగా ఉన్న పోలీసు లాంచీకి సిగ్నల్ వెళుతుంది. "ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ నేమ్ క్యూలెక్స్. బోదకాలు తెచ్చే దోమ పేరు అది. నువ్వు 'గాలి తూర్పు నుంచాండీ?' అని అడగాలి. 'దోమ ఏ గాలికైనా వస్తుంది' అని జవాబు రావాలి."

"మారువేషం?"

"ఢిల్లీలో గుమాస్తా జోజి, సెలవు మీద అక్కని చూడ్డానికి వెళుతున్నాడు. అంతకన్నా మంచి వేషం నా దగ్గర లేదు."

అమలాపురంలో బస్సు దిగి, ఇంకో బస్సెక్కి, గోదారి పాయ వైనతేయ ఒడ్డున రేవుకి చేరాడు జోజి. రేవు దాటించే పంటు మీద సైకిళ్లు, అరటి గెలలు, రెండు మేకలు, ఒక పెళ్లివారి బృందం. పక్కన గంప పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ అదేపనిగా ఇతన్నే చూస్తోంది. క్యూలెక్స్ ఏమోనని మనవాడు వంగి అడిగాడు: "గాలి తూర్పు నుంచాండీ?"

"ఆయ్, తూర్పేనండీ. అయినా మీకెందుకండీ గాలి సంగతి? మీరు సూరమ్మ గారి అబ్బాయి కాదూ? ఢిల్లీలో ఎంతిస్తారండీ జీతం? పెళ్లి కాలేదంట కదా, ఏం?"

గూఢచారి వృత్తిలో ఇలాంటి ఇంటరాగేషన్ అతనికి ఏ దేశంలోనూ ఎదురుకాలేదు. అవతలి ఒడ్డు వచ్చేసరికి అతని జీతం, కులం, గోత్రం లేని క్రైస్తవుడన్న సంగతి, సిగరెట్టు తాగడన్న సంగతి పంటు మొత్తానికి తెలిసిపోయాయి, పంటు మొత్తం కబుర్లు అతనికీ తెలిసిపోయాయి.

రేవులో జీపు ఆపుకుని ఒకావిడ నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర, పెదాలకి రంగు. లంక మగాళ్లందరికీ ఉన్నట్టుండి ఆ జీపు దగ్గరే పనులు పడ్డాయి.

"దోమ ఏ గాలికైనా వస్తుందండీ," అంది అతను అడక్కుండానే. "పంటు మీద మీరు వేసిన ప్రశ్న ఒడ్డుదాకా వినబడింది. నా పేరు సరోజిని. దోమల మీద పరిశోధన చేస్తుంటాను. ఎక్కండి."

జీపు గట్టు మీద ఎగిరెగిరి పడుతోంది. "పెట్టెలు తెచ్చేవాడి పేరు ధర్మరాజు," అంది సరోజిని. "ఆరోగ్య శాఖలో పెద్ద ఆఫీసర్నని చెప్పుకుంటాడు. రేపు చర్చిలో భోజనాలవేళకి సొంత మోటార్ బోటులో వస్తాడు. ఏదీ, ఆ ట్రాన్సిస్టర్ ఇలా ఇవ్వండి, పాటలు విందాం." తీసుకుని మీటలు తిప్పి, పాటలేం రాక, తిరిగి అతని ఒళ్లో పెట్టింది. "మీరు వాళ్ల జీతం కూడా తీసుకుంటున్నారటగా?" అన్నాడు జోజి.

"రెండు జీతాలు. మీకు అభ్యంతరమా?"

"నాకేదీ అభ్యంతరం కాదండీ."

"విన్నాను," అందావిడ కాస్త జాలిగా.

లంకలో మాత్రల పంపిణీ చూసే డాక్టర్ ఏసుపాదం గారింట్లో దిగబెట్టింది. ఏసుపాదం పుల్లేటిలంకలో పుట్టి, థియరిటికల్ ఫిజిక్సులో యూరప్ దాకా వెళ్లొచ్చిన మనిషి. అణువు లోపలి కణాలు ఒకదాన్నొకటి ఢీకొంటే ఏవెటు పోతాయో కాగితం మీద లెక్కగట్టడం ఆయన పని. ఎడమ కాలు మోకాలిదాకా ఏనుగు కాలులా వాచి ఉంటుంది. చిన్నప్పుడు ఈ ఊరి దోమ పెట్టిన బోదకాలు. ఆ కాలు చూసుకునే ఇంటికి తిరిగొచ్చేశాడు.

"కణం కణాన్ని ఢీకొట్టడం, దోమ మనిషిని కుట్టడం, రెంటికీ ఒకే గణితం పనికొస్తుందండీ జోజి గారూ," అన్నాడు బొండాం కొట్టించి ఇస్తూ. "అందరికీ మాత్రలు పడితే జబ్బు ఎన్నాళ్లలో పోతుందో లెక్క వేసేను. మాత్రలు పంచేం. జబ్బు ఇసుమంతైనా తగ్గలేదు. నా సిద్ధాంతమే తప్పనుకుని ఏడాదిపాటు పిచ్చెక్కిపోయేననుకోండి. మళ్లీ వేసేను, మళ్లీ అదే లెక్క."

"మరి తప్పెక్కడండీ?"

"మా అత్తగారి కొబ్బరి మొక్క పాదులో! తవ్వితే మాత్రలే మాత్రలు. వీధంతా అంతేనండీ. వేసుకుంటే ఒకరోజు జ్వరం వస్తుందని భయం. వద్దంటే మాత్రలు పంచడానికి ఇంటికొచ్చిన కుర్రాడు నొచ్చుకుంటాడని మొహమాటం. 'ఆయ్, వేసుకున్నామండీ' అనేసి పాదులో వేసేస్తారు. కణాలు అబద్ధం ఆడవండీ. మనవాళ్లు మర్యాద కోసం ఆడతారు. ఆ మర్యాద నా సమీకరణంలో లేదు." ఆయన నవ్వాడు గానీ కళ్లలో నవ్వు లేదు. "అందుకే రేపు చర్చిలో ప్రేమవిందు పెట్టించేను. విస్తళ్ల ముందు అందరూ కూర్చున్నాక, చేతిలో మాత్ర పెట్టి, ప్రార్థనయ్యి ఆమెన్ అనగానే నేను ముందు మింగుతాను. దేవుడి ముందు, అందరి కళ్లెదుట, ఇంకెవరు పారేస్తారండీ?"

ఎవరూ పారెయ్యరు. అదే కొంప ముంచింది. లంకంతా ఒకే క్షణాన మాత్ర మింగే ఏర్పాటు ఆ అమాయకపు మేధావి స్వయంగా చేసి పెట్టాడు. ముఠాకి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ సాయంత్రం కృపమ్మ గుమ్మంలో తమ్ముణ్ణి చూసి, "వచ్చేవా," అంది. కంచం పెట్టింది, చేపల పులుసు వేసింది. ఇంకో మాట లేదు. జోజి అన్నం తిన్నాడు. పులుసు అమ్మ చేసినట్టే ఉందని బుర్రకి తెలిసింది. అంతకు మించి ఏమీ కాలేదు.

"బాగుందా?" అంది చివరికి.

"ఉందక్కా."

"అమ్మ పోయినప్పుడూ ఇదే మొహంరా నీది. కొయ్యముక్క!" అని కళ్లు తుడుచుకుంటూ కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం చర్చి ఆవరణలో కొబ్బరాకుల పందిరి. ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు, మధ్యన విస్తళ్లు. అన్నం గుట్ట, పప్పుచారు గంగాళం. రేవులో మోటార్ బోటు ఆగింది. తెల్ల సూటు వేసుకున్న ధర్మరాజు రేకు డబ్బాలతో దిగాడు. ఏసుపాదం కుంటుకుంటూ ఎదురెళ్లి దండ వేశాడు. అందరి చేతుల్లోనూ మాత్రలు పడ్డాయి. జోజి తన మాత్రని నాలిక కొసకి తాకించాడు. పచ్చి వక్క కొరికినట్టు నాలిక మందమైపోయింది. అదే. జీరో.

ఒళ్లోని ట్రాన్సిస్టర్ వెనక మీట నొక్కాడు. టక్కుమనలేదు. మూత తీసి చూశాడు. బ్యాటరీలు లేవు.

నీళ్ల డ్రమ్ము దగ్గర సరోజిని కళ్లద్దాలు సర్దుకుంటోంది.

"ఏజెంట్ జోజి గారూ," అని చెవి దగ్గర మెత్తగా వినిపించింది. ధర్మరాజు. "సరోజిని గారు మీ గురించి అంతా చెప్పారు. నేను వెళ్లి మీ అక్కగారి వెనక కుర్చీ వేసుకుంటాను. జేబులో పిస్టల్ ఉంది. మీరు అరిచినా, లేచినా, ముందు పోయేది ఆవిడ. మీకు బాధ కలగదనుకోండి. మా మందు మహిమ!"

వెళ్లి కూర్చున్నాడు. కృపమ్మ ముసుగు సర్దుకుని, అరచేతిలో మాత్ర పట్టుకుని, కళ్లు దించుకుని ఉంది.

జోజికి భయం వెయ్యలేదు. కానీ బుర్ర శుభ్రంగా పనిచేసింది. అరవకూడదు. అరిచినా లాభం లేదు. ఈ జనం తనకి "ఆయ్, అలాగేనండీ" అంటారు, ఏసుపాదం గారి మనసు నొప్పించలేక మాత్ర మింగేస్తారు. రేపట్నుంచి అక్క కళ్లు తన కళ్లలాగే ఉంటాయి. ఎవరి సమాధి దగ్గరైనా వాచీకి కీ ఇచ్చుకుంటుంది.

పాస్టరు గారు లేచారు. "దూరం నుంచి వచ్చినవారు విందుకి ప్రార్థన చెయ్యడం మన ఆనవాయితీ. ఢిల్లీ నుంచి మన జోజి వచ్చేరు. ప్రార్థన చేస్తారు. అందరం కళ్లు మూసుకుందాం."

జోజి లేచాడు. ధర్మరాజు చెయ్యి జేబులోకి వెళ్లింది, ఆగింది. ప్రార్థన కదా! ఇప్పుడు తుపాకి పేలిస్తే జనం పారిపోతారు, మాత్రలు మట్టిపాలవుతాయి, ప్రయోగం పోతుంది. ఆమెన్ అనేదాకా ఊరందరితో పాటు వాడూ ఆగాల్సిందే.

"పరలోకమందున్న మా తండ్రీ," అని మొదలుపెట్టాడు జోజి.

స్తోత్రం చెప్పాడు. గోదారి కోసం, కొబ్బరి కోసం, పంటు కోసం చెప్పాడు. మస్కట్‌లో ఎండలో పనిచేస్తున్న బిడ్డల కోసం, కువైట్‌లో వంటింట్లో ఉన్న ఆడపిల్లల కోసం ప్రార్థించాడు. నిన్న పంటు మీద విన్న కబుర్లన్నీ ఇప్పుడు పనికొచ్చాయి. ఫలానా వారి ఆయాసం, ఫలానా వారి కోర్టు కేసు, ఇంకెవరిదో ఈనలేని గేదె. "స్తోత్రం," అంటున్నారు జనం. "కంటికి కనబడని కణాలను చేసిన తండ్రీ, వాటిని లెక్కపెట్టే ఏసుపాదం గారి కాలిని ముట్టుము ప్రభువా!" ఏసుపాదం కాలి మీద చెయ్యి వేసుకున్నాడు. పప్పుచారు చల్లారిపోతోంది. వెనక వరసలో ఎవరో దగ్గారు.

లాంచీ రాదని అతనికి తెలుసు. సిగ్నలే వెళ్లలేదు. అయినా ఆమెన్ అనలేడు. ఎవరెవరి కోసం ప్రార్థించాలో అందరూ అయిపోయారు. మిగిలింది ఒక్కటే.

"తండ్రీ... మా అమ్మ సూరమ్మ." ఆగాడు. "ఆవిడ పోయిన రోజున నాకు ఏడుపు రాలేదు. రావాలని చూశాను, రాలేదు. నా లోపల ఏదో తీసేశారు తండ్రీ. అన్నం తింటున్నాను, నడుస్తున్నాను, అంతే. మా అక్క నన్ను తిట్టింది. తిట్టేటప్పుడు ఏడిచింది. ఆ ఏడుపు నాకు కావాలి. నాకు ఇవ్వకపోతే మానె. ఆవిడ దగ్గర్నుంచి మాత్రం తీసుకోవద్దు. ఇక్కడున్న ఏ ఒక్కరి దగ్గర్నుంచీ తీసుకోవద్దు."

 ధర్మరాజు నుదురంతా చెమట. వాడికి ఓపిక చచ్చిపోయింది.

"ఆమెన్!" అని గట్టిగా అరిచాడు.

అలవాటు కొద్దీ పందిరంతా "ఆమెన్" అంది. చేతులు లేచాయి. ఏసుపాదం మాత్ర పెదాల దాకా తెచ్చాడు.

"ఆగండర్రా!" కృపమ్మ లేచి నిలబడింది. మొహమంతా కన్నీళ్లు. "ఎవడ్రా మధ్యలో ఆమెన్ అన్నది? మా తమ్ముడు మా అమ్మ గురించి చెప్పుకుంటున్నాడు. వాడు అయిందనేదాకా ఒక్కళ్లు నోట్లో పెట్టుకున్నారో, ఊరుకోను! ఏసుపాదం మాస్టారూ, మీక్కూడా చెప్తున్నాను. దించండి చెయ్యి!"

ఏసుపాదం చెయ్యి దించాడు. ఊరూ దించింది. అప్పుడు వినబడింది, రేవు వైపు నుంచి లాంచీ ఇంజను.

ధర్మరాజు పిస్టల్ తీశాడు. హ్యాండ్‌బ్యాగులో తన పిస్టల్ తీసే టైము లేక, ప్రార్థనప్పుడే వాడి పక్కనున్న గంగాళం దగ్గరికి చేరిన సరోజిని పప్పుచారు గరిటెతోనే వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. తుపాకి గంగాళంలో పడింది. ఈలోగా జోజి వాణ్ణి కింద పడేసి మెడ మీద మోకాలు పెట్టాడు.

పోలీసులు వాణ్ణి తీసుకెళ్లాక సరోజిని చేతికంటిన పప్పుచారు కడుక్కుంటూ చెప్పింది: "బ్యాటరీలు తీసింది నేనే. మీరు తొందరపడి నొక్కితే వాడు బోటు దిగకుండానే పారిపోయేవాడు. లాంచీకి రాజోలులోనే టైము చెప్పి వచ్చాను. పాస్టరు గారి ప్రార్థన మొదలయ్యేసరికి రావాలి. ఇసక మేటలో దిగబడిందట! మీ గురించి వాడికి చెప్పకపోతే నన్ను నమ్మేవాడు కాదు. క్షమించండి."

"మా అక్క వెనక వాడు కూర్చుంటాడని కూడా తెలుసా?"

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుంది. 

కృపమ్మ తమ్ముణ్ణి చర్చి వెనక్కి లాక్కెళ్లింది. "ఏంట్రా ఆ తీసేసింది? ఎవడ్రా తీసింది? ఢిల్లీలో గుమాస్తా మొహాన్ని చంపడానికి తుపాకీతో ఎందుకొచ్చేడ్రా వాడు?"

ఆఫీసు రూల్సు ప్రకారం చెప్పకూడదు. జోజి చెప్పేశాడు. రేవు, మాత్ర, రెండేళ్లు, అమ్మ సమాధి దగ్గర వాచీ, అంతా.

ఆవిడ విన్నంతసేపూ విని, చెయ్యెత్తి చెంప పగిలేలా కొట్టింది. "రెండేళ్లా! ఏడాది నుంచీ నిన్ను రాయని తిట్టుకున్నాను కదరా! ఒక్క కార్డు ముక్క రాయలేకపోయేవా అక్కకి?" అని అదే చెయ్యి అతని తల మీద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. జోజి కదలకుండా నిలబడ్డాడు.

మర్నాడు అమలాపురం పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్.

"కంగ్రాచ్యులేషన్స్ జోజీ! మనవైపు గాయాలేమైనా?"

"ఒకటి సార్. కుడి చెంప."

"ధర్మరాజు కొట్టాడా?"

"మా అక్క సార్."

 అవతల చీఫ్ చాలా జాగ్రత్తగా అడిగాడు: "నొప్పి తెలుస్తోందా?"

జోజి చెంప తడుముకున్నాడు. నిన్నట్నుంచి తడుముకుంటూనే ఉన్నాడు.

"కొంచెం ఉందండీ."

"డాక్టర్ని పంపమంటావా?"

"వద్దు సార్. తగ్గించేస్తాడు."